చెయ్యెత్తారు కదా, ఇక రండి

ఫోన్ మోగుతోంది. తెలియని నంబరు. మీరు మాదాపూర్‌లో, ఏడో అంతస్తులో, మీటింగ్‌లో ఉన్నారు. లోన్ కావాలా అని అడిగేవాళ్లేమో అనుకుని కట్ చేస్తారు. మళ్లీ మోగుతుంది. మళ్లీ కట్ చేస్తారు. ఈసారి మెసేజ్ వస్తుంది. మీరు రక్త మూలకణాల దాతగా పేరిచ్చారనీ, ఒక పేషెంటుకు మీ కణాలు సరిపోయేలా ఉన్నాయనీ, వీలైనంత త్వరగా ఫోన్ చేయమనీ.

పేరెప్పుడిచ్చారు? గుర్తు తెచ్చుకోండి. మూడేళ్ల కిందట ఆఫీసు క్యాంటీన్ ముందు ఒక టేబుల్ వేశారు. బెలూన్లు కట్టారు. టీమ్ అంతా వెళ్తుంటే మీరూ వెళ్లారు. ఫారం నింపారు. పొడవాటి దూది పుల్లలిచ్చి బుగ్గ లోపలివైపు గట్టిగా రుద్దమన్నారు. రుద్దుతుంటే నోరంతా ఆరిపోయినట్టయింది, పక్కవాళ్లు నవ్వారు, మీరూ నవ్వారు. పుల్లల్ని కవర్లో పెట్టి ఇచ్చేశారు. ‘నేను ప్రాణదాతను’ అన్న అట్ట పట్టుకుని ఫొటో దిగారు. ఆ ఫొటో ఇన్‌స్టాలో ఇప్పటికీ ఉంది. దాని కింద బోలెడు గుండె బొమ్మలున్నాయి.

ఆ తర్వాత మీరు మర్చిపోయారు. ల్యాబ్ మర్చిపోలేదు. మీ బుగ్గ కణాల్లోంచి హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తుల్ని చదివి, పేరు తీసేసి, ఒక నంబరు కింద దాచిపెట్టింది. ఏది మనది, ఏది పరాయిది అని ఒళ్లు పోల్చుకునేది ఆ గుర్తులతోనే. ఇవాళ ఎక్కడో ఒక డాక్టరు తన పేషెంటు గుర్తులు కంప్యూటర్‌లో కొట్టారు. మీ నంబరు వచ్చింది.

మీటింగ్ గదిలోంచి బయటికి రండి. కారిడార్ చివర, నీళ్ల క్యాన్ పక్కన నిలబడి ఫోన్ చేయండి.

“నమస్తే అండీ. ఫోన్ చేసినందుకు థాంక్స్. ఇవ్వడానికి ఇప్పటికీ సిద్ధమేనా అండీ?”

“ఎవరికి?”

“ఇప్పుడే ఏమీ చెప్పలేమండీ. రక్త క్యాన్సర్. ఇంట్లోవాళ్లవి ఎవరివీ పూర్తిగా సరిపోలేదు.”

“నేను కాకపోతే ఇంకెవరైనా ఉన్నారా?”

అవతలి గొంతు కొంచెం ఆగుతుంది. “ప్రస్తుతానికి లిస్టులో మీరొక్కరే అండీ.”

ఒక్కరేనా? అన్ని లైకులు, అన్ని ఫొటోలు, ఇంత జనం ఉన్న దేశంలో ఒక్కరేనా అని మీకు అనిపిస్తుంది. ఈ గుర్తులు సగం అమ్మ దగ్గర్నుంచి, సగం నాన్న దగ్గర్నుంచి వస్తాయి. అందుకే తోడబుట్టినవాళ్లలో కూడా పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. బయటివాళ్లలో అయితే వేలమందిలో, ఒక్కోసారి లక్షల మందిలో ఒకరు దొరకడం కష్టం. మన గుర్తులు మన ప్రాంతాల వాళ్లతో కలవడానికే అవకాశం ఎక్కువ. కోటికి అటూఇటూగా దాతలు పేర్లిచ్చిన జర్మనీలో వెతికినా మన తెలుగు పేషెంటుకు మనిషి దొరుకుతారన్న నమ్మకం లేదు. నూట నలభై కోట్ల మంది ఉన్న మన దేశంలో పేరిచ్చినవాళ్లు కొన్ని లక్షలే.

“ఆలోచించుకుని చెప్పండి. ఇప్పుడు వద్దన్నా ఏమీ అనుకోమండీ. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పండి, అంతే.”

ఆ చివరి మాటను పట్టుకోండి. ఈ కారిడార్‌లో, ఈ నిమిషాన, వద్దు అనడం తప్పేమీ కాదు. మీకు ఇష్టం లేకపోవచ్చు. ఇంట్లో ఇబ్బంది ఉండొచ్చు. భయం ఉండొచ్చు. సూటిగా వద్దంటే వాళ్లు ఇంకో దారి వెతుక్కుంటారు. వెతకడానికి వాళ్లకు ఇంకా కొంత టైముంది. నా దృష్టిలో ఇప్పుడు ధైర్యంగా చెప్పిన వద్దుకు ఉన్న గౌరవం, మొహమాటానికి చెప్పిన ఔనుకు లేదు.

మీరు ఔనంటారు.

రాత్రి తణుకులో అమ్మకు ఫోన్ చేస్తారు. ఆవిడ టీవీ సౌండ్ తగ్గిస్తుంది.

“మూలుగ అంటే నల్లి ఎముకలో ఉండేదే కదా నాన్నా? అది తీసేస్తే నడుం పడిపోదూ? వెన్నులో సూది గుచ్చుతారంట. రేపు పెళ్లి సంబంధాలవాళ్లు అడిగితే ఏం చెప్పను?”

మీరు జవాబు చెప్పేలోపే ఫోన్ మావయ్య చేతికి వెళ్తుంది. “క్యాంపుల్లో సవాలక్ష మంది సంతకాలు పెడతారు. పెట్టినవాళ్లంతా ఇచ్చేస్తారేంటి? ఒంట్లో బాగోలేదని చెప్పెయ్. ఎవరడుగుతారు?”

నిజమే, ఎవరూ అడగరు. ఇక్కడ కోర్టు లేదు, జరిమానా లేదు. ఇస్తే డబ్బూ రాదు, మానేస్తే శిక్షా లేదు. నంబరు బ్లాక్ చేస్తే కథ అక్కడితో అయిపోతుంది. చాలామంది చేసేది అదే. వద్దని చెప్పరు. ఫోన్ ఎత్తరు. రేపు చేస్తానంటారు. రిజిస్ట్రీలో పనిచేసేవాళ్లు రోజూ మోసే బరువు ఇదే.

రెండు రోజుల తర్వాత మీరు డాక్టరు ఎదుట కూర్చున్నారు. అమ్మ అడిగినవన్నీ అడుగుతారు. “అమ్మగారిని స్పీకర్‌లో పెట్టండి” అంటారు ఆయన.

“అమ్మా, వెన్నెముక జోలికి వెళ్లం. చాలామంది దగ్గర చేతి నరంలోంచే తీస్తాం, రక్తదానంలాగే. కొద్దిమందికి మాత్రం మత్తిచ్చి తుంటి ఎముకలోంచి తీస్తారు, అదీ వెన్ను కాదు. వెళ్లిన కణాలు కొన్ని వారాల్లో మళ్లీ పుడతాయి.”

“పిల్లలు పుట్టరంటున్నారండీ?”

“దానికీ దీనికీ సంబంధం లేదమ్మా.”

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అమ్మ గొంతు: “సరే. ఏ రోజో చెప్పండి, నేనొస్తాను. ఆసుపత్రిలో పక్కన ఎవరో ఒకరు ఉండాలిగా.” ఇంకో మాట కూడా అంటుంది, మీకు మాత్రమే వినబడేలా అనుకుని. “మీ మావయ్యవి మాటలు కోటలు దాటతాయి నాన్నా, కాలు గడప దాటదు. ఆయన్నొదిలెయ్.”

ఆ తర్వాత పరీక్షలు. మళ్లీ రక్తం తీసి గుర్తులు నిజంగా కలిశాయో లేదో సరిచూస్తారు. గుండెకు ఈసీజీ, ఛాతీకి ఎక్స్‌రే, హెచ్‌ఐవీ, కామెర్ల పరీక్షలు. అన్నీ బాగానే వస్తాయి. వారాలు గడుస్తాయి. చివరగా ఒక ఫారం మీ ముందుకొస్తుంది. కౌన్సెలర్ అందులో ఒక చోట వేలు పెట్టి మెల్లగా చదువుతారు. మీరు ఎప్పుడైనా తప్పుకోవచ్చు, ఆ హక్కు చివరిదాకా మీదే. కానీ పేషెంటుకు మార్పిడి ముందు ఇచ్చే మందులు మొదలయ్యాక తప్పుకుంటే ఆ మనిషి ప్రాణం పోవచ్చు.

“అర్థమైందా అండీ?”

“అయింది.”

“ఇంకోసారి చదవనా?”

సంతకం పెడతారు. మీ తేదీ 15. అవతలి ఆసుపత్రిలో 16వ తేదీకి ‘సున్నా రోజు’ అని పేరు పెడతారు. అక్కడ్నుంచి వెనక్కి లెక్కిస్తారు. మైనస్ ఒకటి, మైనస్ రెండు, మైనస్ మూడు.

9వ తేదీ. మైనస్ ఏడు.

మీరు బస్సులో ఉన్నారు, చెవుల్లో పాటలు. మీకు తెలియని ఊళ్లో, గాలిని వడకట్టి లోపలికి పంపే ఒక గదిలో ఆ మనిషిని చేర్చారు. తలుపు మూశారు. సెలైన్ గొట్టంలోంచి మందు దిగుతోంది. క్యాన్సర్ కణాలను చంపే మందే. దాంతోపాటు రక్తాన్ని పుట్టించే మూలుగనూ ఖాళీ చేస్తుంది. కావాలనే చేస్తారు. రోగమున్నది ఆ మూలుగలోనే. అది పోతేనే మీ కణాలకు చోటు.

11వ తేదీ. మైనస్ ఐదు. మీకు మొదటి ఇంజెక్షన్. పొట్ట మీద చర్మం పట్టుకుని సన్నటి సూది గుచ్చుతారు. చురుక్కుమంటుంది, అంతే. మూలుగలో కూర్చున్న మూలకణాలను రక్తంలోకి తరిమే మందు ఇది. ఐదు రోజులు, రోజూ.

12. నడుంలో సన్నగా నొప్పి. పారాసిటమాల్ వేసుకుంటారు.

13. తుంటి ఎముకలు లోపల్నుంచి ఎవరో పొడుస్తున్నట్టు ఉన్నాయి. తలనొప్పి. కుర్చీలోంచి లేస్తే నడుం పట్టుకోవాల్సి వస్తోంది. అమ్మ దిగింది, సంచీ నిండా పూతరేకులతో.

14వ తేదీ రాత్రి. నిద్ర పట్టదు. ఎటు తిరిగినా నొప్పే. ఫోన్ వెలుగుతుంది. మేనేజర్. ‘రేపు రిలీజ్ ఉందని తెలుసుగా? పోస్ట్‌పోన్ అవదా నీ హాస్పిటల్?’ దాని కింద మావయ్య మెసేజ్. ఎవరో ఎవరికో ఫార్వర్డ్ చేసిన వీడియో, దాతకు పక్షవాతం వచ్చిందంటూ. అబద్ధమని మీకు తెలుసు. అయినా చూస్తారు. రెండుసార్లు చూస్తారు.

ఫోన్ స్విచాఫ్ చేస్తే?

ఒక్క బటన్.

రేపు పొద్దున్న వాళ్లు చేస్తారు. మోగదు. ఇంకో నంబర్‌కి చేస్తారు. మోగదు. మీ పేరు ఆ మనిషికి తెలీదు. ఆ మనిషి పేరు మీకు తెలీదు. ఎవరూ మిమ్మల్ని వేలెత్తి చూపలేరు.

ఇప్పుడు ఆ గదిలో ఏం జరుగుతోందో చూడండి.

మందులన్నీ అయిపోవచ్చాయి. మూలుగ ఖాళీ అవుతోంది. తెల్లకణాలు పడిపోతున్నాయి. రేపు ఇంకా పడతాయి. సొంతంగా మళ్లీ పుట్టవు. నోరు పూసి ముద్ద దిగని రోజులు ముందున్నాయి. చిన్న జలుబు చాలు. ఒక దోమకాటు గోకినా చాలు. వెనక్కి దారి లేదు. డాక్టర్లు ఆ దారిని కూల్చేశారు. మీ సంతకం చూసి కూల్చారు.

మీరు తప్పుకుంటే వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోరు. సగమే కలిసే అమ్మనో నాన్ననో పరుగున తెస్తారు. ఆ అమ్మకూ ఐదు రోజుల ఇంజెక్షన్లు కావాలి. లేదా అప్పటికప్పుడు ఆపరేషన్ థియేటర్ కావాలి. పోయిన ఒక్కో రోజుకూ ప్రమాదం పెరుగుతుంది. ఈ భయంతోనే కొన్నిచోట్ల దాత కణాలను ముందే తీసి గడ్డకట్టించి, ఆ తర్వాతే పేషెంటుకు మందు మొదలుపెడతారు. అది దాతల మాట మీద తగ్గిన నమ్మకానికి డాక్టర్లు కట్టుకున్న గోడ.

మీరు ఫోన్ పట్టుకునే ఉన్నారు. నొప్పి మరిచిపోవడానికి వేరే ఏదో చదువుతారు. ఈ రిజిస్ట్రీలు ఎవరు మొదలుపెట్టారో వెతుకుతారు. ఆంథొనీ నోలన్ అనే పిల్లవాడి పేరు కనిపిస్తుంది. 1971లో పుట్టాడు. పుట్టుకతోనే రోగనిరోధక శక్తిని తినేసే జబ్బు. ఇంట్లో ఎవరివీ సరిపోలేదు. వాళ్లమ్మ షర్లీ 1974లో లండన్‌లో బయటి దాతల పేర్లు రాసి పెట్టే రిజిస్ట్రీ మొదలుపెట్టింది. అందులో కొడుకుకు సరిపోయే మనిషి దొరకనేలేదు. 1979లో ఆ పిల్లవాడు పోయాడు. ఆమె రిజిస్ట్రీని మూసేయలేదు. అది ఇవాళ్టికీ నడుస్తోంది. మన దేశంలో మొదటి మూలుగ మార్పిడి 1983లో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో చేసిన డాక్టరు సురేశ్ అద్వానీ, చిన్నప్పుడే పోలియో వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైన మనిషి. చెన్నైలో దాత్రి రిజిస్ట్రీ 2009లో మొదలైంది. వీళ్లంతా ఇన్నేళ్లు కట్టుకుంటూ వచ్చిన దానికి చివరి ఇటుక, ఈ రాత్రికి, మీ చేతిలో ఉంది.

మేనేజర్‌కి రాయండి. ‘పోస్ట్‌పోన్ అవదండీ.’

ఫోన్ బోర్లా పెట్టండి. ఆన్‌లోనే ఉంచండి.

15వ తేదీ, పొద్దున్న 8 గంటలు. చివరి ఇంజెక్షన్ అయింది. వాలు కుర్చీలో పడుకోబెట్టారు. రెండు చేతులకూ సూదులు. టేపు వేసేటప్పుడు నర్సమ్మ చేతి మీది వెంట్రుకలు పట్టకుండా జాగ్రత్తపడుతుంది. ఒక చేతి నుంచి రక్తం మెషీన్‌లోకి వెళ్తుంది, ఇంకో చేతిలోకి తిరిగి వస్తుంది. లోపల గిన్నె గిర్రున తిరుగుతూ, కవ్వం తిప్పితే వెన్న వేరుపడ్డట్టు, మూలకణాలున్న పలుచటి పొరను వేరుచేస్తుంది. మిగతాదంతా మీకే తిరిగిచ్చేస్తుంది. చేతిలో పెట్టిన రబ్బరు బంతిని నొక్కుతూ ఉండమంటారు. నొక్కుతారు. వదులుతారు.

గంట తర్వాత పెదాలు జుమ్మంటాయి. వేళ్ల కొసలు కూడా.

“తిమ్మిరిగా ఉందా అండీ? భయపడకండి. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందు కాల్షియాన్ని లాగేస్తుంది.” కాల్షియం ఇస్తారు. తగ్గుతుంది. ముక్కు దురద పెడుతుంది, రెండు చేతులూ కదపలేరు. అమ్మ గోకుతుంది. ఇడ్లీ ముక్క నోట్లో పెడుతుంది. చిన్నప్పుడు పెట్టినట్టే, నోరు తెరిచేదాకా చెంచా అక్కడే పట్టుకుని.

నాలుగున్నర గంటలు. మీ ఒంట్లో రక్తమంతా ఒకటికి రెండుసార్లు ఆ గిన్నెలోంచి తిరిగొచ్చింది. మెషీన్ ఆగుతుంది. సూదులు తీస్తారు. అయిపోయిందనుకుంటారు.

సాయంత్రం 4 గంటలకు డాక్టరు వస్తారు. మొహం చూడగానే తెలుస్తుంది.

“పేషెంటు బరువు లెక్కన కిలోకి కనీసం 40 లక్షల కణాలు కావాలన్నారండీ. మీవి 28 లక్షల దగ్గర ఆగాయి. రేపు ఇంకోసారి రాగలరా?”

ఇది మీరు అనుకోలేదు. ఒక్కరోజన్నారు కదా. రెండో రోజు కూడా పట్టొచ్చని ఫారంలో ఉంది. మీరు సంతకం పెట్టినదాంట్లోనే ఉంది. నడుం ఇంకా లాగుతోంది. చేతుల మీద సూదులు గుచ్చిన చోట నీలం కమిలింది. ఆఫీసులో పాతిక మెసేజ్‌లు. మీరు చేయగలిగింది చేశారు. ఎవరైనా అంటారు, చేశావు కదా అని. మావయ్య కూడా అంటారు.

28 లక్షలతో సరిపెట్టుకోమని చెబితే సరిపెట్టుకుంటారేమో. కానీ కణాలు తక్కువైతే నాటుకోవడం ఆలస్యమవుతుంది. రక్షణ లేని రోజులు పెరుగుతాయి.

డాక్టరు మిమ్మల్ని తొందరపెట్టరు. నిలబడి ఉన్నారు.

“ఎన్నింటికి రమ్మంటారు?” అని అడుగుతారు మీరు.

ఇంకో ఇంజెక్షన్. ఇంకో రాత్రి. 16న మళ్లీ అదే కుర్చీ, అవే సూదులు, అదే బంతి. ఈసారి ఎడమ చేతి నరం సరిగ్గా దొరకదు. రెండోసారి గుచ్చుతారు. పళ్లు బిగిస్తారు. నొక్కుతారు. వదులుతారు. నొక్కుతారు.

మధ్యాహ్నం 3 గంటలకు లెక్క వస్తుంది. రెండు రోజులవీ కలిపి 47 లక్షలు. చాలు.

సంచి మీకు చూపిస్తారు. టమాటా రసం రంగు. ఒక గ్లాసుడు ఉంటుందేమో. నిన్నటి సంచితో కలిపి, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం ఉండే పెట్టెలో పెడతారు. వీపుకు బ్యాగు తగిలించుకున్న ఒక మనిషి కాగితాల మీద సంతకం చేసి పెట్టె అందుకుంటాడు. దాన్ని విమానం సామాన్లలో వేయడు, ఎయిర్‌పోర్టులో ఎక్స్‌రే కింద పెట్టనివ్వడు, ఒళ్లోనే పెట్టుకుని వెళ్తాడు. తీసినప్పట్నుంచి 72 గంటల్లోపు అవి పేషెంటు ఒంట్లోకి వెళ్లాలి. ఏ ఊరు అని మీరు అడుగుతారు. నవ్వి ఊరుకుంటాడు. లిఫ్టు తలుపులు మూసుకుంటాయి.

అక్కడ ఆ రాత్రి ఆపరేషన్ ఏమీ ఉండదు. మామూలు రక్తం ఎక్కించినట్టే మీ కణాలు నరంలోకి దిగుతాయి. మూలుగ ఎక్కడుందో అవే వెతుక్కుంటాయి. రెండు మూడు వారాలు ఎవరికీ ఏమీ తెలియదు. రోజూ పొద్దున్న రక్తం తీస్తారు, తెల్లకణాలు లెక్కిస్తారు. నాటుకుంటే అంకె పైకి లేస్తుంది. కొన్ని నెలలకు ఆ మనిషి బ్లడ్ గ్రూపు మీ బ్లడ్ గ్రూపుగా మారుతుంది. అందరికీ అలా జరగదు. నాటుకున్నా జబ్బు తిరగబెట్టి పోయేవాళ్లుంటారు. మీరు మాటిచ్చింది కణాలకే, ప్రాణానికి కాదు. ప్రాణానికి మాటివ్వడం డాక్టర్ల చేతిలో కూడా లేదు.

మీ నడుంనొప్పి రెండు రోజుల్లో పోతుంది. సోమవారం ఆఫీసుకు వెళ్తారు. రిలీజ్ మీరు లేకుండానే అయిపోయి ఉంటుంది.

ఇక ఈ పేజీ బయట ఉన్న మీతో ఒక మాట. మీరెప్పుడైనా బుగ్గలో పుల్ల రుద్ది పేరిచ్చి ఉంటే, ఆ రిజిస్ట్రీకి ఇవాళే ఫోన్ చేయండి. ఫోన్ నంబరు మారితే కొత్తది రాయించండి. ఇల్లు మారితే అడ్రసు రాయించండి. ఇంట్లోవాళ్లకు ఇవాళే చెప్పి ఉంచండి, ఆ కాల్ వచ్చిన రోజున మొదటిసారి వినేలా చేయకండి. ఇవ్వడం ఇష్టం లేదా? అదీ ఇవాళే చెప్పండి. పేరు తీసేయమనండి, తీసేస్తారు. ఎక్కడో ఒక డాక్టరు మీ నంబరును నమ్ముకుని ఒక మనిషికి మందు మొదలుపెట్టకముందే చెప్పండి.

ఇంకా పేరివ్వకపోతే, 18 నిండి, ఆరోగ్యంగా ఉంటే, ఇంటికే కిట్ తెప్పించుకోవచ్చు. ఆ పుల్ల చేతిలోకి తీసుకునేముందు, ఫోన్ మోగిన రోజున ఎత్తుతారో లేదో తేల్చుకోండి.